మైక్రోస్కోపు, రెట్లు, మైక్రాన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ పిల్లలకు జువాలజీ ప్రాక్టికల్స్ చేయించడం నా ఉద్యోగం. ల్యాబ్‌లో పిల్లలు అడిగేవి, ఆన్‌లైన్‌లో మైక్రోస్కోపు కొందామనుకునే తల్లిదండ్రులు ఫోన్ చేసి అడిగేవి, రొయ్యల చెరువులున్న మా బంధువులు అడిగేవి అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. దాదాపు అందరి మొదటి ప్రశ్నా ఒకటే: "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కానీ అక్కడే ఆగిపోతే మైక్రోస్కోపు సగం కూడా అర్థం కాదు. "ఎంత సన్న వివరం చూపిస్తుంది? నేను చూస్తున్నది ఎన్ని మైక్రాన్లు?" అని అడగడం మీకు అలవాటవ్వాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మైక్రాన్ అంటే ఎంత? ఊహకు అందేలా చెప్పండి.

మిల్లీమీటరులో వెయ్యో వంతు. పుస్తకాల్లో మైక్రోమీటరు అని రాస్తారు, ల్యాబుల్లో మైక్రాన్ అనే అంటారు. మైక్రాన్‌లో వెయ్యో వంతు నానోమీటరు.

వంటింటి నుంచి మొదలుపెడదాం. ఆవగింజ ఒకటిన్నర నుంచి 2 మిల్లీమీటర్లు ఉంటుంది. గసగసాల గింజ సుమారు 1 మిల్లీమీటరు, అంటే 1000 మైక్రాన్లు. తలలోని ఈపి దాదాపు 800 మైక్రాన్లు. బెండ, వంగ ఆకుల అడుగున పాకే ఎర్రనల్లి 500కి అటూఇటూ. జెరాక్స్ కాగితం మందం సుమారు 100. తలవెంట్రుక మామూలుగా 50 నుంచి 100 మధ్య. ఇంతవరకూ కంటితో నెట్టుకురావచ్చు. ఆ తర్వాత ఎర్ర రక్తకణం 7 నుంచి 8 మైక్రాన్లు, కల్లులో ఉండే ఈస్టు 5 నుంచి 10, పెరుగులోని బ్యాక్టీరియా వెడల్పు ఒక మైక్రాన్ లోపు. కరోనా వైరస్ సుమారు 100 నానోమీటర్లు, అంటే మైక్రాన్‌లో పదో వంతు. డీఎన్‌ఏ పోగు వెడల్పు 2 నానోమీటర్లే.

మన పాత ధర్మశాస్త్రాల తూకాల లెక్క కూడా ఇలాగే మొదలవుతుంది. కిటికీలోంచి పడే ఎండలో తేలే దుమ్ము కణాన్ని త్రసరేణువు అన్నారు, కొలతల్లో మొదటిది అదే. ఎనిమిది త్రసరేణువులు ఒక లిక్ష. లిక్ష అంటే ఈపి. మూడు లిక్షలైతే ఒక నల్ల ఆవగింజ. కంటికి కనిపించే చివరి హద్దు దగ్గర మొదలుపెట్టి పైకి లెక్క కట్టారు. ఆ హద్దుకు కింద ఏముందో చూడటానికి లెన్సు కావాల్సి వచ్చింది.

మామూలు కంటికి ఎంత చిన్నది కనిపిస్తుంది?

కంటికి 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే, మధ్యలో సుమారు 0.1 మిల్లీమీటరు ఎడం ఉన్న రెండు చుక్కల్ని రెండుగా గుర్తించగలం. ఎడం అంతకన్నా తగ్గితే ఒకే చుక్క అనిపిస్తుంది. ఇక్కడ "కనిపించడం" వేరు, "విడిగా కనిపించడం" వేరు. సాలెగూడు దారం కొన్ని మైక్రాన్లే ఉన్నా ఎండ పడితే తళుక్కున కనిపిస్తుంది. కానీ పక్కపక్కనే ఆనుకుని ఉన్న రెండు దారాల్ని విడదీసి చూడలేం.

రాత్రిపూట హైవే మీద ఎదురుగా చాలా దూరంలో లారీ వస్తుంటే మొదట ఒకటే వెలుగు కనిపిస్తుంది. దగ్గరికొచ్చేకొద్దీ అది రెండు లైట్లుగా విడిపోతుంది. ఆ విడిపోయే క్షణం మన కంటి పృథక్కరణ సామర్థ్యం. మాట పెద్దది గానీ విషయం ఇంతే. మైక్రోస్కోపు విలువంతా ఇందులోనే ఉంది: లారీని దగ్గరికి తీసుకురాకుండా రెండు లైట్లనూ విడదీయడం.

రెట్లు ఎలా లెక్కపెట్టాలి?

కన్ను పెట్టే లెన్సు మీద ఒక అంకె ఉంటుంది, మామూలుగా 10. స్లైడు వైపున్న లెన్సు మీద ఇంకొకటి, 4, 10, 40, 100లలో ఏదో ఒకటి. రెండూ గుణించాలి. 10 × 40 అంటే 400 రెట్లు. కూడకూడదు. ఏటా కొందరు 50 అని రాస్తారు, మార్కు పోతుంది.

ఆన్‌లైన్‌లో 1600 రెట్లు, 2000 రెట్లు అని అమ్ముతున్నారు. కాలేజీ మైక్రోస్కోపుది 1000 రెట్లే. మరి ఏది మంచిది?

ఈ ప్రశ్నకు తీరిగ్గా జవాబు చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. నేనూ ఒకసారి అలాంటి ప్రకటన చూసి, మా అన్నయ్య కొడుకు పుట్టినరోజుకని ఒకటి కొన్నాను. ఉల్లిపొర పెడితే కణాల గోడలు బూజు పట్టిన కిటికీ అద్దంలోంచి చూసినట్టు కనిపించాయి. పిల్లవాడు రెండు రోజులు చూసి పక్కన పెట్టేశాడు. వాడి ఆసక్తి అలా చచ్చిపోయినందుకు నాకు ఇప్పటికీ బాధే.

జరిగేది ఏమిటంటే, ఫోన్‌లో ఫోటోను వేళ్లతో లాగి పెద్దది చేస్తే కొంతవరకు కొత్త వివరాలు కనిపిస్తాయి. ఇంకా లాగితే చుక్కలే పెద్దవవుతాయి తప్ప కొత్తగా ఏమీ రాదు. లెన్సుతోనూ ఇంతే. కాంతికి ఒక తరంగదైర్ఘ్యం ఉంటుంది. ఆకుపచ్చ కాంతికి సుమారు 550 నానోమీటర్లు. ఆ తరంగంలో దాదాపు సగం కన్నా దగ్గరగా ఉన్న రెండు బిందువుల్ని మామూలు కాంతి మైక్రోస్కోపు విడదీయలేదు. జర్మనీలో యేనా నగరంలో పనిచేసిన ఎర్నెస్ట్ అబ్బే 1873లో ఈ హద్దును వివరించాడు. తరంగదైర్ఘ్యాన్ని లెన్సు ఎన్.ఏ. అంకెకు రెట్టింపుతో భాగిస్తే ఆ హద్దు వస్తుంది. ఎన్.ఏ. అంటే ఏమిటో కింద చెప్తాను. మంచి 100 లెన్సుకు అది 1.25. అంటే 0.55ను 2.5తో భాగించాలి, సుమారు 0.22 మైక్రాన్.

మన కంటికి హాయిగా కనిపించాలంటే ఎన్.ఏ.కు 500 నుంచి 1000 రెట్ల మధ్య పెద్దది చేస్తే చాలు. 1.25 ఉన్న లెన్సుకు 1250 రెట్లు దాటితే దండగ. 100 లెన్సుకు పైన 20 కంటిలెన్సు తగిలించి "2000 రెట్లు" అనడం సులువు. అబద్ధం కూడా కాదు. కానీ పెద్దదయ్యేది మసకే.

యూఎస్‌బీతో కంప్యూటర్‌కు పెట్టే డిజిటల్ వాటిలో రెట్ల అంకెకు అసలు స్థిరమైన అర్థమే లేదు. అదే బొమ్మ ఫోన్‌లో ఒక సైజు, టీవీలో ఇంకో సైజు. వాటిని పరీక్షించే పద్ధతి చెప్తాను. స్కూలు స్కేలును దాని కింద పెట్టండి. తెర వెడల్పులో ఎన్ని మిల్లీమీటర్లు పట్టాయో చూడండి. ల్యాప్‌టాప్ తెర వెడల్పు 300 మిల్లీమీటర్లయి, దాంట్లో స్కేలు మీది 6 మిల్లీమీటర్లు పట్టాయంటే, 300ను 6తో భాగిస్తే 50. ఆ తెర మీద మీకు దక్కుతున్నది 50 రెట్లు. పెట్టె మీద ఏం రాసినా సరే. అయితే 50 రెట్లు తక్కువేమీ కాదు. చీమ కాళ్లు, నోటు మీద ముద్రణ, బట్ట నేత చూడటానికి అవి చాలా బాగుంటాయి. కణాలు చూడటానికి మాత్రం కొనకండి.

లెన్సు మీద 40/0.65 అని, దాని కింద 160/0.17 అని రాసి ఉంది. అవేమిటి?

40 రెట్లు అని మీకు తెలుసు. 0.65 ఎన్.ఏ., అంటే స్లైడు మీది బిందువు నుంచి వచ్చే కాంతిని లెన్సు ఎంత వెడల్పు కోణంలో అందుకుంటుందో చెప్పే అంకె. నా దృష్టిలో లెన్సు మీదున్న అన్ని అంకెల్లోకీ ముఖ్యమైనది ఇదే, కానీ ఎక్కువమంది చూడనిదీ ఇదే. 4 లెన్సుకు మామూలుగా 0.10, 10కి 0.25, 40కి 0.65, 100కి 1.25 ఉంటుంది. పైన చెప్పిన అబ్బే లెక్క వేస్తే 4 లెన్సు సుమారు 2.75 మైక్రాన్లు, 10 లెన్సు 1.1, 40 లెన్సు 0.42 మైక్రాన్ల వరకు విడదీస్తాయి.

160 అంటే ఆ లెన్సు ఎన్ని మిల్లీమీటర్ల పొడవున్న గొట్టానికి తయారైందో చెప్పే అంకె. 0.17 కవర్ స్లిప్ మందం, మిల్లీమీటర్లలో. 40 లెన్సుతో చూస్తూ కవర్ స్లిప్ వేయకపోతే, లేదా రెండు అతుక్కుని పడితే బొమ్మ మసకబారుతుంది. పిల్లలు లెన్సు పాడైందని చెప్పి నా దగ్గరికి తెచ్చిన చాలాసార్లు అసలు సంగతి ఇదే.

100 లెన్సుకు నూనె ఎందుకు వేస్తారు?

స్లైడు గాజులోంచి కాంతి గాలిలోకి వచ్చేటప్పుడు పక్కకు వంగి పోతుంది. ఆ పోయిన కాంతితోపాటు సన్న వివరమూ పోతుంది. కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకెను వక్రీభవన గుణకం అంటారు. గాలికి అది 1, గాజుకు సుమారు 1.52, ఈ నూనెకు 1.515. గాజుకూ లెన్సుకూ మధ్య నూనె చుక్క ఉంటే కాంతికి అదంతా ఒకే గాజులా ఉంటుంది, వంగకుండా నేరుగా లెన్సులోకి వెళ్తుంది. మధ్యలో గాలి ఉంటే ఎన్.ఏ. 1ని దాటడం అసాధ్యం. కాబట్టి 100 లెన్సును నూనె లేకుండా వాడితే రెట్లు వస్తాయి, వివరం రాదు.

కొబ్బరినూనె వేయవచ్చా అని అడుగుతారు. వద్దు. ఈ పనికే అమ్మే ఇమ్మర్షన్ ఆయిల్ చిన్న సీసా కొంటే ఏళ్ల తరబడి వస్తుంది. పని అవగానే లెన్స్ పేపర్‌తో తుడవాలి. 40 లెన్సుకు ఆ నూనె అంటనివ్వకూడదు.

నేను చూస్తున్న కణం ఎంత ఉందో సుమారుగా ఎలా చెప్పాలి?

కనిపించే వెలుగు వలయం వెడల్పు తెలిస్తే చాలు. కంటిలెన్సు మీద 10 పక్కన 18 లాంటి ఇంకో అంకె ఉంటుంది. అది ఫీల్డ్ నంబరు. దాన్ని కింది లెన్సు రెట్లతో భాగించండి. 4 లెన్సుతో వలయం 4.5 మిల్లీమీటర్లు, 10తో 1.8, 40తో 0.45, 100తో 0.18. ఆ అంకె లేకపోతే పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ స్కేలును 4 లెన్సు కింద పెట్టి గీతలు లెక్కపెట్టండి.

ఇప్పుడు ఉల్లిపొరను 10 లెన్సుతో చూస్తున్నారనుకోండి. వలయం ఈ చివర నుంచి ఆ చివరకు పొడవు వారీగా ఆరు కణాలు పట్టాయి. 1800ని 6తో భాగిస్తే 300. ఒక్కో కణం 300 మైక్రాన్ల పొడవు. మొదటిసారి ఈ లెక్క తేలినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. అప్పటిదాకా బొమ్మ, ఆ క్షణం నుంచి వస్తువు.

1670లలో హాలండ్‌లోని డెల్ఫ్ట్‌లో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి తాను తయారుచేసుకున్న ఒంటి లెన్సుతో సూక్ష్మజీవుల్ని చూసినప్పుడు అతని దగ్గర మైక్రాన్ అనే కొలతే లేదు. ఇసుక రేణువుతో పోల్చి, ఇన్ని కలిస్తే ఒక ఇసుక రేణువంత అని రాశాడు. తెలిసినదాన్ని పక్కన పెట్టి తెలియనిదాన్ని కొలవడమే ఇదీ.

సుమారు కాదు, కచ్చితంగా కావాలంటే?

రెండు చిన్న స్కేళ్లు కావాలి. ఒకటి కంటిలెన్సులో కూర్చునే గాజుబిళ్ల, దాని మీద 100 గీతలుంటాయి. దాన్ని ఆక్యులర్ మైక్రోమీటరు అంటారు. రెండోది స్టేజ్ మైక్రోమీటరు, అంటే 1 మిల్లీమీటరును 100 భాగాలు చేసి గీసిన స్లైడు. దీంట్లో ఒక్కో భాగం 10 మైక్రాన్లు.

ఆక్యులర్ గీతలకు వాటంతట వాటికి విలువ లేదు. కింది లెన్సు మార్చినప్పుడల్లా వాటి విలువ మారుతుంది. అందుకే ముందు స్టేజ్ మైక్రోమీటరును చూస్తూ రెండు స్కేళ్ల సున్నాలనూ కలపాలి. 40 లెన్సుతో ఆక్యులర్‌లోని 100 భాగాలు స్టేజ్ మీది 25 భాగాలతో సరిపోయాయనుకోండి. 25 × 10 = 250 మైక్రాన్లు, దాన్ని 100తో భాగిస్తే ఒక్కో భాగం 2.5 మైక్రాన్లు. ఇక స్టేజ్ స్లైడు తీసేసి రక్తం స్లైడు పెట్టండి. ఎర్ర రక్తకణం మూడు భాగాలు ఆక్రమిస్తే 7.5 మైక్రాన్లు. ప్రతి లెన్సుకూ విడిగా ఈ పని చేసి, చీటీ మీద రాసి మైక్రోస్కోపుకు అంటించండి. వేరే మైక్రోస్కోపు చీటీ పనికిరాదు.

ప్రాక్టికల్ రికార్డుల్లో ఈ లెక్కను పక్కవాళ్ల దగ్గర చూసి రాసేస్తుంటారు. నాకు ఇది నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఏడాది మొత్తం చేసే ప్రాక్టికల్స్‌లో సొంత చేత్తో నిజం తేల్చుకునేది ఈ ఒక్కటే అనిపిస్తుంది నాకు.

ఫోటోల కింద కొన్నిచోట్ల "×400" అని, కొన్నిచోట్ల చిన్న గీత గీసి "20 మైక్రాన్లు" అని ఉంటుంది. ఏది సరైనది?

గీత. ఆ ఫోటోను పోస్టరు సైజు చేసినా, ఫోన్‌లో చిన్నది చేసినా గీత కూడా దాంతోపాటే పెరుగుతుంది, తరుగుతుంది. ×400 అనే అంకె మాత్రం సైజు మారిన క్షణమే అబద్ధమవుతుంది. మీ ఫోన్‌తో తీసిన ఫోటోను ఎవరికైనా పంపేటప్పుడు గీత వేసి పంపండి.

పరీక్షలో వచ్చే లెక్క కూడా ఇక్కడే చెప్పేస్తాను. బొమ్మలో కణం 30 మిల్లీమీటర్లు, అసలు కణం 75 మైక్రాన్లు. రెండూ ఒకే ప్రమాణంలోకి మార్చాలి: 30,000 మైక్రాన్లను 75తో భాగిస్తే 400 రెట్లు.

మైక్రోస్కోపు లేకుండా వెంట్రుక మందం కొలవవచ్చా?

కొలవవచ్చు, అదీ మూడు పద్ధతుల్లో.

ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లోని స్క్రూగేజీ కనీసపు కొలత 0.01 మిల్లీమీటరు, అంటే 10 మైక్రాన్లు. వెంట్రుక 70 మైక్రాన్లయితే 0.07 అని చూపిస్తుంది. కొలత వస్తుంది గానీ అటూఇటూ ఒక గీత తేడా ఉన్నా ఏడో వంతు తప్పే. శూన్యాంశ దోషం చూసుకోకపోతే ఇంకా ఘోరం.

రెండోది, చిన్నదాన్ని గుట్టగా చేసి కొలవడం. 500 కాగితాల రీము మందం స్కేలుతో చూస్తే సుమారు 50 మిల్లీమీటర్లు. అంటే ఒక కాగితం 0.1 మిల్లీమీటరు. ప్లాస్టిక్ స్కేలు తప్ప ఏ పరికరమూ లేకుండా 100 మైక్రాన్లు కొలిచేశాం. పొడవాటి వెంట్రుకను పెన్సిలుకు పక్కపక్కనే ఒత్తుగా చుట్టి, చుట్ల వెడల్పును చుట్ల సంఖ్యతో భాగించినా ఇంతే.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టం. ఎర్ర లేజర్ పాయింటరు ముందు వెంట్రుకను నిలువుగా అంటించి, చీకటి గదిలో 2 మీటర్ల దూరంలోని గోడ మీద వెలుగు పడనివ్వండి. ఒక చుక్క బదులు అడ్డంగా వెలుగు, చీకటి, వెలుగు, చీకటిగా చారలు పడతాయి. నడిమి వెలుగుకు ఒకే వైపున, పక్కపక్కనే ఉన్న రెండు చీకటి చారల మధ్య దూరం 18 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. లేజరు తరంగదైర్ఘ్యం దాని మీదే రాసి ఉంటుంది, మామూలుగా 650 నానోమీటర్లు, అంటే 0.65 మైక్రాన్. 0.65 × 2000 ÷ 18 చేస్తే 72 మైక్రాన్లు. కాంతి తరంగమే ఇక్కడ స్కేలు. విచిత్రం ఏమిటంటే వెంట్రుక సన్నదయ్యేకొద్దీ చారలు ఎడం అవుతాయి. లేజరును కళ్లలోకి మాత్రం ఎవరూ చూడకూడదు, పిల్లల చేతికి ఒంటరిగా ఇవ్వకూడదు.

రైతులకు ఏ లెన్సు సరిపోతుంది?

10 రెట్ల చేతి లెన్సు చాలు. 2021లో మన మిరప తోటల్ని దెబ్బతీసిన నల్ల తామరపురుగు సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది. కంటికి నలుసులా కనిపించేది లెన్సులో కాళ్లు, రెక్కల అంచులతో సహా కనిపిస్తుంది. లెన్సును కంటికి ఆనించి పట్టుకుని, పువ్వును దాని దగ్గరకు తేవాలి. ఎక్కువమంది లెన్సును పువ్వు దగ్గర పెట్టి దూరం నుంచి చూస్తారు, అందుకే ఏమీ కనపడదు.

రొయ్యల చెరువు నీళ్లలో వైరస్ ఉందో లేదో మైక్రోస్కోపులో తేలుతుందా?

తేలదు. తెల్లమచ్చ వైరస్ వెడల్పు 0.1 మైక్రాన్‌కు అటూఇటూ ఉంటుంది, కాంతి మైక్రోస్కోపు విడదీసే హద్దుకు కింద. దానికి పీసీఆర్ పరీక్షే శరణ్యం. విబ్రియో లాంటి బ్యాక్టీరియా 40 లెన్సులో కదిలే నలుసుల్లా కనిపించవచ్చు గానీ, అది ఏ జాతో, రోగం తెచ్చేదో కాదో చూపును బట్టి ఎవరూ చెప్పలేరు. ఎవరైనా చెప్తామంటే నమ్మకండి.

మైక్రోస్కోపు నిజంగా ఉపయోగపడేది ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే చిన్న జీవుల్ని చూడటానికి, మొప్పల మీద పేరుకున్న పరాన్నజీవుల్ని చూడటానికి, లెక్కపెట్టడానికి. హేచరీల్లో రొయ్య పిల్లలకు మేతగా పెంచే కీటోసెరాస్ లాంటి నాచు కణాల్ని హీమోసైటోమీటరుతో లెక్కిస్తారు. దాని మీద 1 మిల్లీమీటరు పొడవు, 1 మిల్లీమీటరు వెడల్పు ఉన్న గడి ఉంటుంది, లోతు 0.1 మిల్లీమీటరు. అంటే ఆ గడిలో పట్టే నీళ్లు మిల్లీలీటరులో పదివేలో వంతు. గడిలో సగటున 25 కణాలుంటే 25 × 10,000, మిల్లీలీటరుకు రెండున్నర లక్షలు. నీళ్లు కలిపి పలచన చేసి ఉంటే ఆ రెట్లు కూడా గుణించాలి. ఒక్క గడి చూసి లెక్క తేల్చకండి, నాలుగు గడుల సగటు తీసుకోండి.

రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో ఏం చూశాడు? అప్పటి మైక్రోస్కోపుతో ఎలా సాధ్యమైంది?

ఈ కథ చెప్పకుండా నేను ఏ బ్యాచ్‌నీ పంపను. 1897 ఆగస్టు. మలేరియా ఉన్న హుసేన్ ఖాన్ అనే వ్యక్తిని, రెక్కల మీద మచ్చలున్న దోమలతో కుట్టించాడు బ్రిటిష్ సైనిక వైద్యుడైన రాస్. ఆగస్టు 20న వాటిలో ఒక దోమను కోసి, దాని పొట్ట గోడను కొస నుంచి కొస వరకు వెతికాడు. ఉక్కపోత. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి, మిగిలిన ఒక్క కంటిలెన్సూ పగిలి ఉంది.

అప్పుడు గుండ్రని అంచుతో ఒక కణం కనిపించింది. వెడల్పు సుమారు 12 మైక్రాన్లు. దోమ పొట్టలోని మామూలు కణం అనుకోవడానికి అది మరీ చిన్నది, అంచు మరీ స్పష్టంగా ఉంది. లోపల నల్లని రేణువులు, మలేరియా పరాన్నజీవిలో ఉండే రేణువుల లాంటివే. మర్నాడు ఇంకో దోమను కోస్తే ఆ కణాలు ఇంకా పెద్దవిగా ఉన్నాయి. అంటే పెరుగుతున్నాయి, అంటే ప్రాణం ఉన్నవి. దోమలో మలేరియా పరాన్నజీవి ఉంటుందని అలా తేలింది. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతారు. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది.

వెయ్యి దోమల పొట్టలు చూసిన కన్ను "ఇది ఇక్కడ ఉండాల్సిన సైజు కాదే" అని పట్టుకుంది. రెట్లు ఎవరి మైక్రోస్కోపుకైనా ఉన్నాయి. ఆ 12 మైక్రాన్లు గమనించింది ఆయన.

టీబీకి కఫం పరీక్షలో "100 ఫీల్డులు చూశాం" అంటారు. అన్ని ఎందుకు?

పైన చెప్పిన వలయం గుర్తుందా? ఫీల్డ్ అంటే అదే. 100 లెన్సుతో దాని వెడల్పు 0.18 మిల్లీమీటరు. ఒక్కో వలయం వైశాల్యం లెక్క వేసి 100తో గుణిస్తే మొత్తం రెండున్నర చదరపు మిల్లీమీటర్లే వస్తుంది. ఈ పేజీలో ఒక అక్షరమంత చోటు కూడా కాదు. అంత కొద్ది చోటు చూడటానికే టెక్నీషియన్‌కు చాలా నిమిషాలు పడుతుంది. 100 ఫీల్డుల్లో 10 నుంచి 99 వరకు క్రిములు కనిపిస్తే 1 ప్లస్ అని రాస్తారు. మిల్లీలీటరు కఫంలో సుమారు 5 వేల నుంచి 10 వేల క్రిములు ఉంటే తప్ప స్లైడులో దొరకవు. కాబట్టి స్లైడులో "లేదు" అని వస్తే రోగం లేదని కాదు, అనుమానం ఉంటే డాక్టర్లు జన్యు పరీక్షకు పంపుతారు. గంటల తరబడి ఆ వలయాల్లోకి చూసే టెక్నీషియన్ల ఓపికకు నేను నిజంగా చేతులెత్తి మొక్కుతాను.

కరోనా వైరస్ ఎర్రగా, పచ్చగా ఉన్న ఫోటోలు చూశాం. అవి నిజమైన రంగులేనా?

కాదు. అంత చిన్నవాటిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూస్తారు. 1931లో బెర్లిన్‌లో ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ దాన్ని మొదట తయారుచేశారు. అందులో కాంతి బదులు ఎలక్ట్రాన్లు వెళ్తాయి. లక్ష వోల్టులతో పరిగెత్తే ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం 0.0037 నానోమీటరు, ఆకుపచ్చ కాంతి కన్నా లక్ష రెట్లకు పైగా చిన్నది. అందుకే అంత సన్న వివరం దొరుకుతుంది. కానీ కాంతే లేనప్పుడు రంగు ఎక్కడిది? వచ్చేది నలుపు తెలుపు బొమ్మ. చూసేవాళ్లకు భాగాలు తెలియాలని తర్వాత రంగులు వేస్తారు. లోపల శూన్యం ఉండాలి కాబట్టి బతికున్న జీవిని మామూలుగా ఇందులో చూడలేం.

మరి 0.2 మైక్రాన్ల హద్దును కాంతితో ఎవరూ దాటలేదా?

దాటారు. మెరిసే అణువుల్ని ఒకేసారి కాకుండా విడతలుగా వెలిగించి, ఒక్కోదాని చోటు గుర్తించి, చివరికి బొమ్మ కూర్చే పద్ధతులు వచ్చాయి. ఎరిక్ బెట్జిగ్, స్టెఫాన్ హెల్, విలియం మోర్నర్‌లకు 2014లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చింది ఈ హద్దును దాటినందుకే. అవి పరిశోధన సంస్థల్లో ఉండే పరికరాలు. మన ల్యాబ్‌లో అబ్బే హద్దే హద్దు.

బొమ్మ మసకగా ఉంది. లెన్సు మార్చాలా?

ముందు ఈ పనులు చేయండి. కంటిలెన్సును వేలితో తిప్పండి. మరక తిరిగితే అది కంటిలెన్సు మీద ఉంది. స్లైడు జరపండి, మరక జరిగితే స్లైడు మీద. రెండూ కాకపోతే కింది లెన్సు. ఎండిపోయిన నూనె అయి ఉంటుంది. వెలుగు ఎక్కువై కూడా పారదర్శకమైన కణాలు కనిపించకుండా పోతాయి. స్లైడు కింద వెలుగును తగ్గించే డయాఫ్రంను కొంచెం మూస్తే అంచులు తేలతాయి, మరీ మూస్తే సన్న వివరం పోతుంది.

కాకినాడ, విశాఖ లాంటి తేమ ఊళ్లలో లెన్సుకు బూజు పడుతుంది. సాలెగూడు లాంటి సన్న పోగులు లోపల కనిపిస్తే అదే. పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి ఉంచండి, అవి రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడండి. చొక్కా అంచుతో లెన్సు తుడిచే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి.

పదేళ్ల పిల్లకు ఏది కొనాలి?

ముందు మంచి చేతి లెన్సు. తర్వాత ఫోల్డ్‌స్కోప్ చూడండి. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే మను ప్రకాశ్ బృందం 2014లో పరిచయం చేసిన కాగితపు మైక్రోస్కోపు అది. మడిచి తయారుచేసుకోవాలి, 140 రెట్లు చూపిస్తుంది, సుమారు 2 మైక్రాన్ల వివరం దొరుకుతుంది. జేబులో పెట్టుకుని చెరువు గట్టుకు తీసుకెళ్లవచ్చు, పోతే పోయిందనుకోవచ్చు. పిల్ల ఆర్నెల్లయినా వదలకుండా చూస్తుంటే అప్పుడు 4, 10, 40 లెన్సులున్న అసలైన విద్యార్థి మైక్రోస్కోపు కొనండి. లెన్సుల మీద ఎన్.ఏ. అంకె ఉందో లేదో చూడండి. లేకపోతే వద్దు.

నీటి చుక్కలో పారమీషియం పరిగెత్తుతోంది. దాన్ని ఎలా కొలవాలి?

మైక్రోస్కోపు సైజునే కాదు, వేగాన్నీ పెంచి చూపిస్తుంది. పారమీషియం సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరు పోతుంది. 40 లెన్సు వలయం 0.45 మిల్లీమీటరే కాబట్టి అర సెకనులో మాయమవుతుంది. 4 లెన్సుతో మొదలుపెట్టి, 10కి వెళ్లండి.

కవర్ స్లిప్ వేసే ముందు చుక్కలో నాలుగు దూది పోగులు విడదీసి వేయండి. పోగుల మధ్య దారి దొరక్క జీవి నెమ్మదిస్తుంది. ఫోన్ కెమెరాను కంటిలెన్సుకు ఆనించి వీడియో తీయండి, బాగా కనిపించిన చోట ఆపండి. తెర మీద జీవి పొడవును, వలయం వెడల్పును స్కేలుతో కొలిచి భాగించండి. వలయం 90 మిల్లీమీటర్లు, జీవి 11 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. 11ను 90తో భాగించి, 10 లెన్సు వలయం 1800 మైక్రాన్లతో గుణిస్తే 220 మైక్రాన్లు. లెక్క సరిపోయిందో లేదో చూడటానికి పక్కనే ఉన్న దూది పోగును కొలవండి. పత్తి పోగు వెడల్పు 12 నుంచి 20 మైక్రాన్లు ఉంటుంది. మీకు 100 వస్తే, వలయం లెక్కలో ఎక్కడో తప్పు దొర్లింది, మళ్లీ చూసుకోండి.